మా అమ్మ ఓటు ఎవరి మూటలోదీ కాదు

ఎన్నికలొస్తే చాలు, టీవీల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "మహిళా ఓటర్లు ఈసారి ఫలానా పార్టీకి గుంపుగా పడ్డారు" అనేది ఒకటి. "క్రైస్తవ ఓట్లన్నీ ఫలానా ఆయన ఖాతాలోవే" అనేది రెండోది. చెప్పేవాళ్ళు ఎంత ధీమాగా చెప్తారంటే, ఆ ఓట్లన్నిటినీ మూటగట్టి తమ ఇంటి అటక మీద దాచుకున్నారేమో అనిపిస్తుంది.

ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది. లెక్క ప్రకారం ఆవిడ ఈ రెండు మూటల్లోనూ ఉండాల్సిన మనిషి. ఆడమనిషి, అందులో బయట ఉద్యోగం చెయ్యని గృహిణి. క్రైస్తవురాలు, అందులో మా సంఘంలో స్త్రీల మైత్రికి చాలా ఏళ్ళు సెక్రటరీ. అయినా ఆవిడ ఓటు ఎటు పోతుందో ఇప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మా బాపుకీ తెలీదు. రిటైరైన టీచరు కదా, ఎన్నికల రోజు సాయంత్రం చాయ్ తాగుతూ సూటిగా అడగలేక చుట్టూ తిప్పి అడుగుతాడు. "ఈసారి గాలి ఎటుందంటవ్?" అంటాడు. "గాలి సంగతి ఫ్యాన్ నడుగుండ్రి" అంటుంది అమ్మ. నలభై ఏళ్ళ కాపురంలో ఈ సంభాషణ ఇంతకంటే ముందుకి జరగలేదు :)

సరే, అసలు విషయానికొస్తాను. మొన్న సెలవు పెట్టి నిజామాబాద్ వెళ్ళినప్పుడు గ్యాస్ పుస్తకం కోసం వెతుకుతుంటే, వంటింటి గూట్లో పాత నోటుబుక్కుల కట్ట దొరికింది. మామూలు రెండొందల పేజీల రూళ్ళ పుస్తకాలు. అట్ట మీద అమ్మ రాతలో "ప్రార్థన మనవులు" అని ఉంది. స్త్రీల మైత్రి కూడికలో ఒక్కొక్కళ్ళు తమ కష్టం చెప్పుకుంటే, సెక్రటరీ రాసుకుని అందరి తరఫునా ప్రార్థన చేయించాలి. అమ్మ ఆ పనికి స్కేలుతో గీతలు కొట్టి గళ్ళు పెట్టుకుంది. తారీఖు, ఎవరు అడిగిండ్రు, ఏమడిగిండ్రు, చివరి గడిలో "జవాబు". జవాబొస్తే టిక్కు, ఆ రోజు తారీఖు. రాకపోతే ఆ గడి ఖాళీ.

కూర్చుని తిరగేశాను. ఒకామె మోకాలి ఆపరేషను, టిక్కు. ఇంకొకామె అల్లుడు తాగుడు మానాలని, మూడుసార్లు రాసి ఉంది, టిక్కు లేదు. "పెద్దోనికి కొలువు" అని నా పేరున ఒకటి, టిక్కు. వానలు, టిక్కు. ఎక్కువ వానలు ఆగాలని ఇంకోటి, దానికీ టిక్కు. వీటి మధ్యలో 2002లో ఒక వరస: "షక్కర్ నగర్ ఫ్యాక్టరీ అమ్ముతున్నరు. కార్మికుల గురించి." జవాబు గడి ఖాళీ. తర్వాత పుస్తకంలో మళ్ళీ అదే. ఆ తర్వాత పుస్తకంలోనూ అదే. పుస్తకం అయిపోయినప్పుడల్లా, జవాబు రానివాటిని కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించుకుంటూ వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చూడగానే నాకు తట్టింది మా ఆఫీసులో బగ్గులు రాసుకునే పట్టిక. అక్కడ కూడా ఇంతే. తారీఖు, ఎవరు చెప్పారు, ఏమిటి సమస్య, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. మాకో నియమం కూడా ఉంది. సరిచేశానని ప్రోగ్రామరు చెప్పినంత మాత్రాన బగ్గు మూసెయ్యకూడదు. ఎవరు రిపోర్టు చేశారో వాళ్ళు చూసి, "అవును, పోయింది" అనాలి. మన రాజకీయాల్లో ఈ నియమం లేదు. హామీ ఇచ్చినాయనే "నెరవేర్చాం" అని ఫ్లెక్సీ కట్టించుకుంటాడు. అడిగినవాళ్ళని ఎవరూ మళ్ళీ అడగరు. అమ్మ పుస్తకంలో మాత్రం టిక్కు పెట్టే పెన్ను అడిగినవాళ్ళ చేతిలోనే ఉంది.

షక్కర్ నగర్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931కి పూర్తయింది. కాలవ నీళ్ళొచ్చాక బోధన్ చుట్టుపక్కల చెరుకు పెరిగింది. 1937లో నిజాం ప్రభుత్వం బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత తోటలుండేవి. దాని చుట్టూ పుట్టిన ఊరికి పేరే షక్కర్ నగర్. అమ్మ పుట్టిల్లు బోధన్ పక్కన పల్లె. చిన్నప్పుడు సీజన్లో తాతగారింటికి పోతే, చెరుకు బండ్లు రాత్రంతా వరస కట్టి నిలబడేవి. గాలి అటునుంచి వీస్తే ఇంట్లో కూర్చున్నా మడ్డి వాసనొచ్చేది. మాకు అది కంపు. తాతకి మాత్రం అది పైసల వాసన.

2002లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం అందులో 51 శాతం వాటాని ప్రైవేటుకి అమ్మేసింది. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు కూడా పోయాయి. 2004లో వైఎస్ వచ్చాక ఆ అమ్మకం మీద శాసనసభ సంఘం వేశారు. ఫ్యాక్టరీ మాత్రం ప్రభుత్వం చేతికి తిరిగి రాలేదు. 2014 ఎన్నికల్లో కేసీఆర్ వంద రోజుల్లో వెనక్కి తీసుకుంటామన్నారు. ఆ తర్వాత రైతుల సహకార సంఘాలకి అప్పగిస్తామన్నారు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ బోర్డు పెట్టారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కి ఆదేశించింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ తెరిపిస్తామంది, గెలిచాక 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది, బ్యాంకుల బాకీల పరిష్కారం మొదలుపెట్టింది. సారంగాపూర్‌లో ఉన్న సహకార చక్కెర కర్మాగారం సంగతి వేరే చెప్పక్కర్లేదు, అది కూడా మూతబడిందే. ఈలోపు చెరుకు రైతులు ఒక్కొక్కళ్ళే వరిలోకి, సోయాలోకి మారిపోయారు. ఫ్యాక్టరీ రేపు తెరిచినా దానికి చెరుకెక్కడ్నుంచి తేవాలన్నది ఇప్పుడో కొత్త ప్రశ్న.

ఇదంతా నేను ఇంటర్నెట్లో వెతికి, తారీఖులు సరిచూసుకుని రాశాను. అమ్మ పుస్తకంలో ఇంచుమించు ఇదంతా ఉంది. "వంద రోజులన్నరు" అని 2014లో రాసి, పక్కనే పెన్సిలుతో చిన్నగా 100 అని వేసి, తర్వాత దాన్ని కొట్టేసి 200, దాన్నీ కొట్టేసి 365 అని వేసింది. ఆ తర్వాత లెక్క ఆపేసినట్టుంది.

"అమ్మా, ప్రార్థన పుస్తకంల గిదంత ఎందుకు?" అని అడిగాను.

"ఏలెటోళ్ళ కోసం ప్రార్థన చెయ్యమని పౌలు తిమోతికి రాసిండు గదరా. ప్రతి ఆదివారం చేస్తున్నం. నాయుడు ఉంటె నాయుడి పేరు, రాజశేఖర్ రెడ్డి ఉంటె ఆయన పేరు, కేసీఆర్ పేరు, రేవంత్ రెడ్డి పేరు. ఎవ్వరొచ్చినా తప్పలే. గిన్నేండ్లు వాళ్ళ పేరు పెట్టి దేవుణ్ణి అడిగినం. వాళ్ళు ఏం చేసిండ్రో చూడకుంటె ఎట్ల?"

నేనిన్నాళ్ళూ ప్రార్థన అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అనుకునేవాణ్ణి. (నా దేవుడి గోల వేరే, ఇక్కడ వద్దు.) "ఏలినవారికి లోబడి ఉండండి, రాజకీయాలు మనకెందుకు" అని వేదికల మీద చెప్పేవాళ్ళని చాలామందిని విన్నాను కూడా. అమ్మ అదే గ్రంథం చదివి సరిగ్గా తిరగేసి అర్థం చేసుకుంది. ఒకరి కోసం ప్రార్థన చేశావంటే వాళ్ళ పనికి నువ్వూ సాక్షివి. సాక్షి మర్చిపోకూడదు. ఇదీ ఆవిడ లెక్క.

వైఎస్ ముఖ్యమంత్రి అయినప్పుడు మా సంఘంలో ఒక పండగ వాతావరణం ఉండేది. "మనోడు" అనేవాళ్ళు. ఆ మాట అనని క్రైస్తవ ఇల్లు మా వాడలో లేదేమో. అమ్మ అప్పుడు కూడికలో అన్న మాట ఇప్పటికీ మా చిన్నమ్మ చెప్పి నవ్వుతుంది. "మనోడైతే ఇంక గట్టిగ అడగాలె. పరాయోణ్ణి అడిగెతందుకు మొహమాటం గని, మనోనికేంది?" ఆయన పాలనలో ఆరోగ్యశ్రీ వచ్చింది, దానికి పుస్తకంలో టిక్కుంది, ఎవరి గుండె ఆపరేషను అయిందో కూడా రాసి ఉంది. ఫ్యాక్టరీ గడి మాత్రం ఖాళీగానే ఉంది. మనవాడని ఆ గడిని నింపెయ్యలేదు. ఎన్టీఆర్ గురించి మాట్లాడినా ఇంతే. అమ్మ మొదటి ఓటు 1983లో, అప్పటికింకా ఓటు వయసు 21. కిలో రెండు రూపాయల బియ్యం అన్నాడు, ఇచ్చాడు, అది ఇచ్చినట్టే లెక్క అంటుంది. ఇచ్చినదాన్ని ఇవ్వలేదనదు, ఇవ్వనిదాన్ని ఇచ్చారనదు. మన టీవీ చర్చల్లో ఈ పాటి నిజాయితీ ఉన్న పెద్దమనిషిని నేనైతే చూళ్ళేదు.

ఒకసారి ఎన్నికల ముందు ఒక అభ్యర్థి మనుషులు ఆదివారం ఆరాధనకొచ్చారు. పార్టీ పేరు ఇక్కడ అనవసరం, అన్ని పార్టీలవాళ్ళూ వస్తారు. చర్చికి ప్రహరీ గోడ కట్టిస్తామన్నారు. సంఘపెద్దల్లో ఒకరు లేచి, మన ఓట్లన్నీ ఒకటే వైపు పడాలన్నట్టు నాలుగు మాటలు చెప్పారు. ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద అమ్మ ఆయన్ని ఆపింది. "అన్నా, గోడ కట్టిస్తె మంచిదే. రసీదు రాసియ్యుండ్రి, సంఘం పుస్తకంల ఎక్కియ్యుండ్రి. గని నా ఓటు కానుక పెట్టెల ఏసేది గాదు, మీరు లెక్కపెట్టి ఎవరికో ఇచ్చెతందుకు." ఆయన కొన్నాళ్ళు మా ఇంటివైపు రాలేదు. గోడ కూడా రాలేదు, అది వేరే విషయం.

తెలంగాణ వచ్చాక క్రిస్మస్‌కి ప్రభుత్వం తరఫున పేద క్రైస్తవులకి బట్టలు పంచడం, విందు పెట్టడం మొదలైంది. బతుకమ్మకి చీరలు, రంజాన్‌కి బట్టలు, క్రిస్మస్‌కి మాకు. ఎగతాళి చెయ్యడం నా ఉద్దేశం కాదు, ఆ బట్టలు నిజంగా అవసరమైన ఇళ్ళు మా సంఘంలోనే ఉన్నాయి. జాబితా రాసింది కూడా అమ్మే. రాస్తూ ఒకటే అంది. "చీరె ఇచ్చిన సంగతి ఒక్క పండుగకే యాదికుంటది. కొలువుంటె చీరె వాళ్ళే కొనుక్కుందురు." ఇది ఏ ఆర్థికవేత్త చెప్పినా మనం శ్రద్ధగా వింటాం. వంటింట్లోంచి వస్తే "ఆడవాళ్ళ మాటలు" అని ఊరుకుంటాం.

నిజామాబాద్ 2019 ఎన్నిక దేశమంతా వార్తయింది కదా. పసుపు బోర్డు కోసం, పసుపుకీ ఎర్రజొన్నకీ మద్దతు ధర కోసం 178 మంది రైతులు నామినేషన్లేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ బూతులో పన్నెండు యూనిట్లు వరసగా పేర్చారు. అమ్మ లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. బాపు కంగారుపడ్డాడు. "గన్ని పేర్లు సదవద్దా మరి? పాపం, రైతులు పైసలు కట్టి పేరు రాయించుకున్నరు. సదవకుండ ఎట్ల ఒత్తుత?" అంది. 185 పేర్లూ చదివి ఓటేసినవాళ్ళు నియోజకవర్గంలో ఎంతమంది ఉంటారో! ఆ ఎన్నికలో సిట్టింగ్ ఎంపీ కవిత మీద బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. గెలిస్తే ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు. 2023 అక్టోబరులో ప్రధాని ప్రకటించారు. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజు, బోర్డు ప్రారంభమైంది. అమ్మ పుస్తకంలో దీనికి టిక్కుంది. కానీ పక్కనే "ధర?" అని రాసుంది. మరి రైతులు అడిగింది బోర్డొక్కటే కాదు, ధర కూడా. వచ్చింది వచ్చిందనే రాసింది, మిగిలింది మిగిలిందనే రాసింది.

ఇంకోటి కూడా చెప్పాలి. 2023లో మణిపూర్ అల్లర్ల వార్తలొచ్చినప్పుడు మా ఊళ్ళో చర్చిల వాళ్ళు కొవ్వొత్తులతో కూడికలు పెట్టారు. ఆ వీడియో బయటికొచ్చిన వారమైతే అమ్మ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదని బాపు చెప్పాడు. ఆ వారం పుస్తకంలో "మణిపూర్ కుకీ తల్లుల గురించి" అని ఉంది. కింద వరసలో "మైతేయి తల్లుల గురించి కూడ" అని ఉంది. రెండో వరస రాయించడానికి కూడికలో కొంత వాదన జరిగిందట. "చచ్చిపోయినోళ్ళ ఇండ్లు అటు కూడ ఉన్నయి గద" అన్నదట అమ్మ. మనవాళ్ళకి జరిగినప్పుడే మనకి దేశం గుర్తొస్తుందని ఆవిడ బాధ. తనకీ అదే జబ్బుందని కూడా ఒప్పుకుంది.

నాకు తెలిసి ఈ చూపు ఆవిడకి డిచ్‌పల్లి నుంచి వచ్చింది. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో డిచ్‌పల్లి దగ్గర పాత కుష్ఠు ఆసుపత్రి ఉంది. 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ మొదలుపెట్టారు. కానీ ఆ పనికి చేయూతనిచ్చిన స్థానిక దాత రాజా నర్సాగౌడ్ హిందువు. "విదేశీ పైసలతోని మతం మార్చిండ్రు" అని ఎవరన్నా అంటే అమ్మ నర్సాగౌడ్ పేరు చెప్తుంది. "వాళ్ళతోని మనకేంది" అని సంఘంలో ఎవరన్నా అన్నా అదే పేరు చెప్తుంది. ఒకే పేరుతో రెండు వైపులా నోళ్ళు మూయించడం అంటే ఇదే.

ఇప్పటిదాకా చదివి అమ్మని నేను మరీ ఆకాశానికెత్తేస్తున్నాననుకుంటున్నారేమో. కాదు. ఒక విషయంలో ఆవిడ మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉంది. ఇప్పుడు కూడా పూర్తిగా పోయిందని చెప్పలేను.

మా తాతముత్తాతలు దళితులు. క్రైస్తవులయ్యారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులైన దళితులకి లేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం. ఎస్సీకి 15 శాతం. అందుకని చాలా ఇళ్ళలో ఆదివారం చర్చికి పోతారు, ఎమ్మార్వో ఆఫీసు కాగితం మీద హిందువని రాయించుకుంటారు. మా చుట్టాల్లో సగం మంది అంతే. నేను వాళ్ళని తప్పుపట్టను.

మా చెల్లె 2007లో ఎంసెట్ మెడిసిన్ రాసింది. మంచి ర్యాంకే. ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే సీటొచ్చే ర్యాంకు. బాపు ఊగిసలాడాడు. నేనైతే గట్టిగా పోట్లాడాను. అమ్మ ససేమిరా అంది. "ఉన్నది ఉన్నట్టు రాయిద్దాం" అంది. బీసీ-సీలో సీటు రాలేదు. చెల్లె నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు. తర్వాత బీఎస్సీ నర్సింగ్ చేసింది, ఇప్పుడు కరీంనగర్లో పనిచేస్తోంది. డాక్టర్లు చెప్పేలోపే రోగికి ఏం కావాలో పసిగట్టేస్తుందని అక్కడివాళ్ళు అంటారు. అది విన్నప్పుడల్లా నాకు 2007 గుర్తొస్తుంది.

నా వాదన అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. బాప్తిస్మం తీసుకుంటే కులం పోదు. ఊళ్ళో ఇల్లు మారలేదు, పిలిచే పిలుపు మారలేదు, పెళ్ళి సంబంధాల దగ్గర చర్చిలో కూడా కులం అడుగుతారు. మారనిదాన్ని మారిందని రాయించుకున్నది చట్టం. మరి అబద్ధం చట్టానిదా, మనదా? రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టొద్దని చెప్పింది. 2022లో మళ్ళీ జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చారు. 2024 నవంబరులో పుదుచ్చేరి అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం హిందువునంటే ఎస్సీ సర్టిఫికెట్ కుదరదంది. ఎన్నికలప్పుడేమో మేం "క్రైస్తవ దళిత ఓటు బ్యాంకు". సర్టిఫికెట్ దగ్గరికొచ్చేసరికి క్రైస్తవులైతే దళితులు కాదు, దళితులైతే క్రైస్తవులు కాదు. ఓటుకి రెండు పేర్లూ పనికొస్తాయి, సీటుకి మాత్రం ఒకటి వదులుకోవాలి!

మొన్న ఇదే మళ్ళీ అమ్మతో అన్నాను. ఆవిడ చాలాసేపు చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూర్చుంది.

"చట్టం తప్పేరా. నేనెప్పుడన్న కాదన్ననా? గది మార్చాలె. పుస్తకంల రాసి పెట్టిన చూడు. గని ఫ్యాక్టరీ సంగతి ఏమాయె, బోర్డు సంగతి ఏమాయె అని నేను అడుగుత. నా ఇంట్ల కాగితం మీద నేనే అబద్ధం రాయిస్తె, ఏం మొఖం పెట్టుకోని అడగాలె?"

"మరి చెల్లె?"

"దానికి అన్యాయం చేసిన. నాకు ఎరికె." అంతే అంది. కళ్ళు తుడుచుకోలేదు, నా వైపు చూడలేదు. గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

నాకు ఇప్పటికీ ఆవిడ చేసింది ఒప్పో తప్పో తేలదు. తన నిజాయితీకి ధర తనే కట్టుకుని ఉంటే ఒక్క మాట కూడా అనకపోదును. కట్టింది చెల్లె. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. లెక్కలడిగే హక్కు కోసం ఒక మనిషి ఇంత ఖర్చు పెట్టిందంటే, ఆ ఓటుని ఒక చీరకో, ఒక ప్రహరీ గోడకో, "మనోడు" అన్న మాటకో ఎవరో మూటగట్టుకుని పోతారనుకోవడం తెలివితక్కువ. ఆవిడ ఓటేసేముందు పాత పుస్తకాలు తిరగేస్తుంది. మనం ఓటేసేముందు ఏం తిరగేస్తున్నాం? నా సంగతి చెప్తాను, ఫోను. పొద్దున చూసి ఆవేశపడ్డ వార్త సాయంత్రానికి గుర్తుండదు. చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడు మూతబడిందో ఈ రాతకి కూర్చునేదాకా నాకే సరిగ్గా తెలీదు, సీజన్లో దాని వాసన పీల్చి పెరిగినవాణ్ణి.

చెల్లె కొడుకు ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇంకో రెండేళ్ళలో వాడి కాగితాల్లోనూ కులం గడి నింపాలి. మొన్న చెల్లె అమ్మకి ఫోన్ చేసి, "ఏం రాయించమంటవ్ చెప్పు" అని అడిగిందట. నేను పక్కనే ఉన్నాను. అమ్మ ఎప్పట్లా గట్టిగా చెప్తుందనుకున్నా. "నీ కొడుకు, నీ ఇష్టం బిడ్డా. ఈసారి నన్ను అడగకు" అంది.

ఆ రాత్రి మంచినీళ్ళ కోసం లేచి చూస్తే వంటింట్లో లైటుంది. అమ్మ నోటుబుక్కు ముందేసుకుని తారీఖు వేసి, "మనుమని కాగితం గురించి" అని రాస్తోంది. పక్క గడి ఖాళీ.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పుస్తకాలుంటాయి. పాల లెక్కల వెనకో, క్యాలెండర్ మీదో, లేదంటే వాళ్ళ బుర్రలోనో. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఒకసారి అడిగి చూడండి. ఎవరికి ఓటేశావని మాత్రం అడగొద్దు, చెప్పరు. ఏం రాసి పెట్టుకున్నావని అడగండి.